మత్తు డాక్టరు కులం ఎందుకు అడిగారు?

హెర్నియా ఆపరేషన్‌కు ముందురోజు బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరు మా బాబాయిని బీపీ, షుగరు గురించి అడిగి, చివర్లో "మీరు ఆర్యవైశ్యులా?" అన్నారు. చిక్కపేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న మనిషికి చురుక్కుమంది. "మందుకూ కులమేనా డాక్టరుగారూ?" అన్నారు.

అది కులం పట్టింపు కాదు. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపించినవారికి మాత్రం కండరాలు గంటల తరబడి కదలవు. సొంతంగా ఊపిరి అందేవరకూ వెంటిలేటరే దిక్కు. ఆ మందు ఒంట్లోకి ఎక్కితే తప్ప, లోపం ఉన్నట్టు జీవితాంతం తెలియకపోవచ్చు. ఇది వంశపారంపర్యమని కెనడాలో వెర్నర్ కాలో 1957లోనే తేల్చారు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువ కాబట్టే డాక్టరు అలా అడిగారు. మరి వారిలోనే ఎందుకు ఎక్కువ? జవాబుకు దారి 2009లో దొరికింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం దేశంలోని 25 సమూహాల డీఎన్ఏను పోల్చి చూసింది. ఆంధ్ర వైశ్యుల మూలం కొద్దిమంది పూర్వీకుల్లో ఉందనీ, రెండు మూడు వేల ఏళ్లుగా బయటి రక్తం దాదాపు కలవలేదనీ తేలింది. ఆ కొద్దిమందిలో ఒకరిలో ఉన్న జన్యు లోపం, సమూహం లక్షలకు పెరిగినా లోపలే తిరుగుతూ ఉంటుంది. ఈ ఎంజైము లోపం మిగతావారికంటే వైశ్యుల్లో సుమారు 100 రెట్లు ఎక్కువ.

"మేము సగోత్రం చేసుకోం కదా" అన్నారు బాబాయి. తప్పంతా మేనరికాల మీదికి నెట్టేయడం మనకు అలవాటు. నిజానికి మేనరికం లేకపోయినా, గోత్రాలు వేరైనా, వందతరాల వెనక్కి వెళితే వధూవరుల పూర్వీకులు ఆ పిడికెడు మందే. ఇది ఒక్క కులం కథ కూడా కాదు. 2017లో అదే పరిశోధకులు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ 'కొద్దిమంది పూర్వీకుల' ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లండు వారికంటే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే బలంగా కనిపించింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది.

తర్వాతి అధ్యాయం బాబాయి దుకాణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నడిచింది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా అనే జన్యు పరిశోధన ప్రాజెక్టును బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం సమన్వయం చేసింది. 20 సంస్థలు కలిసి 83 సమూహాలకు చెందిన దాదాపు 10,000 మంది జన్యుపటాలను చదివాయి. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అదిప్పుడు ఫరీదాబాద్‌లో భద్రంగా ఉంది. అయితే అది మత్తు డాక్టరు కేసు షీటు దాకా రాకపోతే నాకేమీ గొప్పగా అనిపించదు.

బాబాయికి ఆ ఎంజైమును కొలిచే రక్తపరీక్ష (సూడోకోలినెస్టరేస్ అన్నది దానికే మరో పేరు) చేయించారు. రిపోర్టు మామూలుగానే ఉంది. ఆపరేషన్ అయ్యాక బాబాయి మొదట ఫోను చేసింది నెలలు నిండిన కూతురికి: "సిజేరియన్ అంటే ముందు ఈ రక్తపరీక్ష చేయమని నువ్వే అడుగమ్మా."