గ్రీకు రైతు లెక్క కొండతో కాదు, వానతో

ప్రాచీన గ్రీస్ చరిత్ర పాఠం చెప్పే నాకు జవాబు పత్రాల్లో తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది: "గ్రీస్ కొండల దేశం, వ్యవసాయం కుదరక గ్రీకులు సముద్ర వ్యాపారులయ్యారు." మార్కులు పడతాయి కానీ, ఆ మాటలో రైతే కనిపించడు.

అపోహ: గ్రీకుల్లో రైతులు తక్కువ.

వాస్తవం: సాగుకు పనికొచ్చే నేల ఐదో వంతో, నాలుగో వంతో. అయినా ఎక్కువమంది బతుకు ఆ నేల మీదే. థెస్సలీ, బొయోషియాల్లో మంచి మైదానాలున్నాయి. స్పార్టా పొరుగునున్న మెసేనియాను ఆక్రమించి, అక్కడి జనాన్ని హెలట్లుగా, అంటే నేలకు కట్టుబడ్డ వెట్టివాళ్లుగా మార్చి దున్నించుకుంది కూడా సారవంతమైన నేల కోసమే.

అపోహ: అందరూ గోధుమే పండించారు.

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే. పిండస్ పర్వతాలు పడమటి గాలుల తేమను ఆపేస్తాయి. అందుకే పడమట కెర్కిరా దీవిలో ఏడాదికి 1000 మి.మీ. పైన వాన పడితే, తూర్పున ఏథెన్స్‌లో 400 మి.మీ. దరిదాపులే. అదీ ఎక్కువగా చలికాలంలోనే, వేసవంతా ఎండు. కృత్తికలు అస్తమించే వేళ, అంటే నవంబరులో దున్నమని, అవి మళ్లీ ఉదయించే మే నెలలో కోతలు మొదలుపెట్టమని క్రీ.పూ. 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియడ్ రాశాడు. కార్తెలు చూసి విత్తనం వేసే మనకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. వాన తగ్గితే గోధుమ చేతికి రాదు, బార్లీ ఎంతోకొంత ఇస్తుంది. ఎల్యూసిస్ ఆలయానికి చెల్లించిన తొలిపంటల శాసనం (క్రీ.పూ. 329/8) ప్రకారం ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా ప్రాంతంలో బార్లీ గోధుమకు దాదాపు పది రెట్లు.

అపోహ: తలా ఒక చోట ముక్కలుగా ఉన్న పొలాలు వెనుకబాటుతనం.

వాస్తవం: అన్నదమ్ముల పంపకాలతో ముక్కలైన మాట నిజమే. కానీ ఒక లోయలో వాన పడి, పక్క లోయలో పడని దేశంలో ఆ ముక్కలే కుటుంబానికి బీమా. వాలు మీద ఆలివ్, ద్రాక్ష, కింద ధాన్యం. ఆలివ్ కూడా ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది.

అపోహ: ధాన్యం దిగుమతి సంపన్నుల సౌకర్యం.

వాస్తవం: ఏథెన్స్‌కు అది ప్రాణాధారం. ఏటా నల్లసముద్ర తీరపు బోస్పోరస్ రాజ్యం నుంచే 4 లక్షల మెదిమ్నోలు వస్తున్నాయని ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ ఒక ప్రసంగంలో చెప్పాడు. మెదిమ్నోస్ అంటే సుమారు 52 లీటర్ల కొలత. క్రీ.పూ. 405లో నల్లసముద్రం నుంచి ఓడలొచ్చే జలసంధిలోని ఈగోస్పొటమీ దగ్గర స్పార్టా నౌకాదళం గెలిచి ఆ దారి మూసేసింది. మరుసటి ఏడాది ఏథెన్స్ ఆకలికి లొంగిపోయింది.