రెగీనా యోనాస్‌ను అందరూ ఎలా మర్చిపోయారు?

1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ రబ్బీ పట్టా పుచ్చుకున్నప్పుడు, యూదుల్లో మతగురువైన మొదటి మహిళ ఈవిడేనని చాలామంది అనుకున్నారు. కానీ అప్పటికి 37 ఏళ్ల ముందే జర్మనీలో ఒకామె ఆ పట్టా తీసుకుంది. పేరు రెగీనా యోనాస్.

1902లో బెర్లిన్‌లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు, ఇంట్లో డబ్బుకి ఇబ్బందే. రబ్బీలను తయారుచేసే విద్యాలయంలో చదువుతూ 1930లో థీసిస్ రాసింది, స్త్రీ రబ్బీ కావచ్చా అని. కాలం మారింది కాబట్టి మనమూ మారాలి అనే వాదన కాదు ఆమెది. పాత ధర్మశాస్త్రాలనే తిరగేసి, వాటిలో దాదాపు అడ్డేమీ లేదు, ఉన్నదల్లా జనం మనసులో పాతుకుపోయిన దురభిప్రాయం, అలవాటు లేకపోవడం, అంతేనని తేల్చింది. మార్కులు బాగానే వేశారు, చేతిలో మాత్రం టీచర్ సర్టిఫికెట్ పెట్టి పంపారు! చివరికి 1935 డిసెంబరులో ఒఫెన్‌బాఖ్ రబ్బీ మాక్స్ డీనెమాన్ పరీక్ష పెట్టి పట్టా ఇచ్చాడు.

పట్టా వచ్చినా సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ప్రసంగించడానికి చోటు వెంటనే దొరకలేదు. ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లను చూసుకునే పని ఇచ్చారు. నాజీలు కొందరు రబ్బీలను పట్టుకుపోయి, ఇంకొందరు దేశం వదిలిపోయాకే ఆ ఖాళీల్లో ఆమెకు అవకాశాలు వచ్చాయి.

1942 నవంబరులో ఆమెను, తల్లిని థెరేసియన్‌స్టాట్ అనే నాజీల నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడ మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్‌తో కలిసి, రైలు దిగి బెదిరిపోయి నిలబడ్డవాళ్లకు ధైర్యం చెప్పేది. ఆమె ఇచ్చిన ఉపన్యాసాల జాబితా ఒకటి చేతిరాతలో మిగిలింది, 24 అంశాలు, పైన 'ఏకైక మహిళా రబ్బీ' అని రాసుంది. 1944 అక్టోబరులో ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపి చంపేశారు. అప్పటికి 42 ఏళ్లు.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. ఫ్రాంకల్ బతికాడు, ఆమెకు చదువు చెప్పిన లియో బెక్ కూడా బతికాడు, యుద్ధం తర్వాత ఎన్నో రాశారు, మాట్లాడారు, ఆమె ఊసు మాత్రం ఎత్తలేదు. నాజీలు ప్రాణం తీశారు సరే, పేరు వినిపించకుండా పోవడంలో తెలిసినవాళ్ల మౌనానికీ వాటా ఉంది కదా.

థెరేసియన్‌స్టాట్ రైలెక్కించే ముందు ఆమె తన కాగితాలను యూదు సంఘం దగ్గర దాచిపెట్టింది. అవి తూర్పు బెర్లిన్‌లో ఒక దస్తావేజుల భాండాగారంలో పడి ఉన్నాయి. బెర్లిన్ గోడ కూలాక, 1991లో కథరీనా ఫాన్ కెల్లెన్‌బాఖ్ అనే పరిశోధకురాలు వేరే పని మీద వెతుకుతుంటే కనిపించాయి: థీసిస్, పట్టా, ఉత్తరాలు, రబ్బీ అంగీ, టోపీ వేసుకుని దిగిన ఫొటో.