కష్టకాలంలో యూదుల ఆచారాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక ఆసుపత్రిలో చాప్లిన్‌గా పనిచేస్తున్నాను. రిపోర్టు కోసమో ఆపరేషన్ కోసమో ఎదురుచూసే రోగుల పక్కన కూర్చోవడం, వాళ్లు కోరితే వాళ్ల మతం ప్రకారం ప్రార్థనకు తోడుండటం నా పని. మా దగ్గరికి యూదు కుటుంబాలు చాలానే వస్తాయి. వాళ్ల ఆచారాల గురించి మనవాళ్లు అడిగేవాటిలో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: యూదుల ఆధ్యాత్మికత అంటే కబ్బాలా (యూదుల మార్మిక సంప్రదాయం), దిష్టి తగలకుండా చేతికి కట్టుకునే ఎర్ర దారం.

కబ్బాలాకి పెద్ద చరిత్రే ఉంది. కానీ నేను రోజూ చూసేది చిన్న చిన్న స్తుతులు. కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే 'మోదె అని' వాటిలో ఒకటి. రోజుకు వంద స్తుతులు చెప్పాలని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక చెప్పే 'అషెర్ యత్సర్' కూడా వాటిలోదే: మనిషిని జ్ఞానంతో చేశావు, లోపల ఎన్నో రంధ్రాలు, నాళాలు పెట్టావు, వాటిలో ఒక్కటి తెగినా ఒక్కటి మూసుకుపోయినా నీ ముందు నిలబడలేం అని. క్యాథెటర్ తీసేశాక ఒక పెద్దాయన సెలైన్ స్టాండ్ పట్టుకుని మెల్లగా బయటికొచ్చి, చేతులు కడుక్కుని, గోడకి ఆనుకుని ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పడం చూశాను. రేపు స్కాన్‌లో ఏం తేలుతుందో ఆయనకి తెలియదు, కానీ ఈ గంటలో ఒంట్లో ఏది పనిచేస్తోందో తెలుసు.

అపోహ: గట్టిగా ప్రార్థిస్తే రిపోర్టు మంచిగా వస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దాదాపు 1800 ఏళ్ల కిందటి యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ఒక సందర్భం ఉంది. దారిలో ఊరికి తిరిగొస్తున్న మనిషికి ఊళ్లోంచి కేకలు వినిపించాయి. 'ఇవి మా ఇంట్లోవి కాకూడదు' అని అతను వేడుకుంటే అది వృథా ప్రార్థన అంటుంది మిష్నా, ఎందుకంటే జరిగింది ఎలాగూ జరిగిపోయింది. బయాప్సీకి ముక్క తీసేశాక కూడా అంతే. ఇది కఠినంగా వినిపిస్తుంది గానీ, 'నేను సరిగ్గా ప్రార్థించలేదేమో' అని రాత్రంతా కుమిలిపోయేవాళ్లని చూసిన నాకు ఇందులో దయే కనిపిస్తుంది. ఇక ముందు జరగాల్సిన దానికోసం అడగొచ్చు, అడుగుతారు కూడా. రోగి పేరుని తల్లి పేరుతో కలిపి చదివే 'మి షెబెరఖ్' స్వస్థత కోసమే.

అపోహ: శబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) రోజు ప్రాణం మీదికొచ్చినా ఏ పనీ చేయరు.

ప్రాణం కాపాడాల్సి వస్తే శబ్బాతు నియమాలు పక్కకి తప్పుకోవాల్సిందే. అంబులెన్స్‌కి ఫోన్ చేయడం తప్పు కాదు, చేయకపోవడమే తప్పు. ఆక్సిజన్ ఉన్న గదిలో మంట పెట్టకూడదు కాబట్టి శబ్బాతుకి వెలిగించే కొవ్వొత్తుల బదులు కరెంటు దీపం పెట్టుకోవడానికి చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) ఒప్పుకుంటారు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: మామూలు రోజుల్లో నిలబడి చేసే ప్రధాన ప్రార్థనలో 19 భాగాలుంటే శబ్బాతు నాడు 7 మాత్రమే. మధ్యలో కోరికలు అడిగే 13 భాగాలు తీసేసి, వాటి బదులు ఆ రోజు పవిత్రత గురించిన ఒక భాగం పెడతారు. వారంలో ఒక రోజు అడగడమే ఆపేయడం, అదీ టెన్షన్ నిండిన వారంలో, ఎంత పెద్ద ఊరటో పాటించేవాళ్ల ముఖాల్లో తెలుస్తుంది.

అపోహ: విశ్వాసం ఉన్నవాళ్లు ఏడవరు.

బైబిల్లోని కీర్తనల్లో 13వది తెరిచి చూడండి. 'ఎన్నాళ్లు' అని నాలుగుసార్లు దేవుణ్ణే నిలదీస్తుంది. 88వది చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. యూదులు దాన్ని తీసేయలేదు, ఇప్పటికీ చదువుతున్నారు.

అపోహ: ఇదంతా ఒంటరిగా, మనసులో చేసుకునేది.

చనిపోయినవాళ్ల కోసం చెప్పే కద్దీష్ అనే ప్రార్థనకి కనీసం పదిమంది ఉండాలి. సంప్రదాయవాదులు మగవాళ్లనే లెక్కిస్తారు, మిగతా చాలా శాఖలు ఆడవాళ్లనీ లెక్కిస్తాయి. అంటే దుఃఖంలో ఉన్న మనిషి జనంలోకి రాక తప్పదు, జనం అతని దగ్గరికి రాక తప్పదు. ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లని చూసుకునే పనిలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మీకు ఇది పనికొస్తుంది. ఏడు రోజుల సంతాపం పాటించే ఇంటికి వెళ్తే, వాళ్లు నోరు తెరిచేదాకా మీరు మాట మొదలుపెట్టకండి. అద్దాలకి గుడ్డ కప్పి ఉంటే తీయకండి. ఏదైనా తినడానికి పట్టుకెళ్లాలనుకుంటే కోషెర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం తినదగినది) అవునో కాదో ముందే ఆ ఇంటివాళ్లని అడిగి తీసుకెళ్లండి.