పిల్లికూతలు ఆగిపోతే

మొన్న పొద్దున్నే మా ఎదురింటావిడ వచ్చారు. "మా అత్తయ్యగారికి ఉబ్బసం కదా, రాత్రంతా ఒకటే ఆయాసం అండీ. పిల్లికూతలు పక్కగదిలోకి వినిపించాయి. తెల్లవారుజామున ఆగిపోయాయి. తగ్గినట్టేనా?"

"మాట్లాడుతున్నారా?" అని అడిగాను.

"లేదు, మగతగా ఉన్నారు."

వెంటనే 108కి ఫోన్ చెయ్యమన్నాను. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టమని, అంబులెన్సు వచ్చేదాకా అత్తయ్యగారి సాల్బ్యుటమాల్ ఇన్హేలరే, దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్‌లోంచి ఒక్కో పఫ్ చొప్పున ఇస్తూ ఉండమని చెప్పాను.

ఉబ్బసం అంటే గాలి లోపలికి వెళ్ళని జబ్బు అనుకుంటాం. అసలు చిక్కు గాలి బయటికి రాకపోవడం. ఉబ్బసం లేనివాళ్ళు ఇప్పుడే చేసి చూడవచ్చు. నిండా గాలి పీల్చండి. చిటికెడు వదిలి మళ్ళీ పీల్చండి. మళ్ళీ చిటికెడే వదలండి. నాలుగైదుసార్లకే భుజాలు పైకి లేస్తాయి, మెడ బిగుస్తుంది, ఛాతీ నిండా గాలి ఉన్నా చాలడం లేదనిపిస్తుంది.

సాయంత్రం ఆరింటి సిటీ బస్సు ఇలాగే ఉంటుంది. ప్రతి స్టాపులో పదిమంది ఎక్కుతారు, ఎనిమిదిమందే దిగగలుగుతారు. పది స్టాపులు దాటేసరికి ఇరవైమంది అదనం. ఆయాసంలో నిమిషానికి ముప్పైసార్లు ఊపిరి తీస్తాం కాబట్టి స్టాపులు త్వరత్వరగా వస్తాయి, దిగే టైమూ తగ్గుతుంది. పైగా ఈ బస్సు తలుపు ఎక్కేటప్పుడు వెడల్పవుతుంది, దిగేటప్పుడు ఇరుకవుతుంది. గాలి పీల్చినప్పుడు సాగిన ఊపిరితిత్తి సన్నని గొట్టాలను గుడారం తాళ్ళలా చుట్టూ లాగి తెరుస్తుంది. వదిలేటప్పుడు ఆ తాళ్ళు వదులవుతాయి. బలంగా ఊదితే ఛాతీలోని ఒత్తిడే గొట్టాలను బయటినుంచి నొక్కేస్తుంది. అందరూ ఒక్కసారే తలుపు మీద పడ్డట్టు.

ఉబ్బసంలో ఈ తలుపు ముందే ఇరుకు. గొట్టం గోడ వాస్తుంది, చుట్టూ కండరం బిగుస్తుంది, లోపల జిగట కఫం పేరుకుంటుంది. ఇంటర్ ఫిజిక్సులో బట్టీ పట్టిన పాయిజ్వీల్ సూత్రం గుర్తుందా? గాలి నెమ్మదిగా, సాఫీగా పారే సన్నని గొట్టంలో నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లు. పావు వంతు తగ్గినా మూడు రెట్లు దాటుతుంది. ఇది ఊపిరికి సంబంధించిన సంగతని మాకు ఎవరూ చెప్పలేదు, గ్లిజరిన్ లెక్కలే చేయించారు.

సాల్బ్యుటమాల్ పఫ్ కొద్ది నిమిషాల్లో ఆ కండరాన్ని సడలిస్తుంది. వాపు తగ్గించేది మాత్రం స్టెరాయిడ్ ఇన్హేలర్, అది రోజూ వాడాలి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం గంటలకొద్దీ క్యూ కట్టే మనం ఇన్హేలర్ అనేసరికి "అలవాటైపోతుందేమో" అని వెనకాడతాం. దానికన్నా మాత్ర నయమనుకుంటాం. సాల్బ్యుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే 40వ వంతు!

ఇక పిల్లికూతల సంగతి. కూత రావాలంటే ఇరుకు గొట్టంలోంచి గాలి వేగంగా పారాలి. తలుపు దగ్గర తోపులాట ఉన్నంతసేపే అరుపులు. కదిలేవాళ్ళే లేకపోతే బస్సంతా నిశ్శబ్దం. ఛాతీ కదులుతున్నా స్టెతస్కోప్‌లో ఏమీ వినపడకపోతే డాక్టర్లు హడలిపోతారు. రక్తపరీక్షలోనూ ఇదే వింత. ఉబ్బసం ముదిరిన మొదట్లో వేగంగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ మామూలుకన్నా తగ్గుతుంది. అలాంటి రోగిలో అది 40 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి, అంటే "నార్మల్"కి తిరిగొస్తే కండరాలు అలిసిపోతున్నాయని అర్థం. ఆ తర్వాత అది పెరుగుతుంది, మగత వస్తుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే వేలికి తగిలించిన మీటర్ ఇదేమీ చూపించకపోవచ్చు.

ఎదురింటావిడ మధ్యాహ్నం ఆస్పత్రినుంచి ఫోన్ చేశారు. రెండుమూడుసార్లు నెబ్యులైజర్ పెట్టాక అత్తయ్యగారికి పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయట. తను కంగారుగా చెబితే డ్యూటీ డాక్టరు విని, "అమ్మయ్య" అన్నారట.