గండిపేట గట్టు వెనక 1908 వరద

ఆదివారం సాయంత్రం గండిపేట వెళ్తే సగం హైదరాబాద్ అక్కడే ఉన్నట్టుంటుంది. టిఫిన్ డబ్బాలు విప్పుకున్న కుటుంబాలు, బొగ్గుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తులు. నీళ్లపైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచిన నల్లతెల్ల లకుముకిపిట్ట ఉన్నట్టుండి రాయిలా పడి, చేపతో పైకి లేస్తుంది. సముద్రం లేని ఊరికి ఇదే తీరం.

ఈ చెరువును కట్టింది మాత్రం వరదకు భయపడి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచేసింది. సుమారు 15 వేల మంది పోయారని చెబుతారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నారాయన. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట) 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు పంపుల్లేకుండా పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. ఆ నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని పాతబస్తీలో ఇప్పటికీ అంటారు.

ఊరు పెరిగి చెరువుల మీదికి వస్తుంటే 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, కాలనీలకు అడ్డుకట్ట పడింది. 90 శాతం భూమిని విహారానికి, పరిరక్షణకే ఉంచాలన్నారు. ఒక పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తే 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

భారం మోసింది రైతులు. పక్క ఊళ్లలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ పొలానికి ధర రాలేదన్న వాళ్ల బాధ నిజమైనది, దానికి తగిన పరిహారం దొరకాల్సింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో ఆంక్షలు ఎత్తేసింది. కృష్ణా, గోదావరి నీళ్లొచ్చాయి, నగరం ఇక ఈ చెరువుల మీద ఆధారపడటం లేదన్నది కారణం. అదే ఏడాది గండిపేట ఒడ్డునే పార్కు కూడా తెరిచారు.

నాకు ఆ వాదన సగమే అనిపిస్తుంది. తాగునీటి లెక్క తీసేసినా, వరద లెక్క అలాగే ఉంది. శంకర్‌పల్లి, మొయినాబాద్ పొలాలు పీల్చుకునే వాన రేపు కాంక్రీటు మీద పడితే ఒక్కసారిగా చెరువు మీదికి వస్తుంది. ఇప్పటికే పెద్ద వానకు గేట్లెత్తారంటే చాలు, దిగువన చాదర్‌ఘాట్, మూసారాంబాగ్‌లలో మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకు టెన్షనే. బియ్యం బస్తా, పిల్లల పుస్తకాలు ముందు అటక మీదికి ఎక్కిస్తారు.