పీచు మిఠాయి, పటిక బెల్లం, ఎముకలో గాజు

చిట్టికి, మిగతా పిల్లలకు తాత ఆశీస్సులు.

"దెబ్బతిన్న ఎముకలో గాజు పొడి పెడతారట, గుచ్చుకోదా తాతా?" అని అడిగినవు కదా బిడ్డా. గుచ్చుకోదు. కిటికీ గాజులో నూటికి 70 పాళ్లకు పైగా ఇసుక సరుకే. ఎముకలో పెట్టే ఈ గాజులో 45 పాళ్లే. మిగతాది సోడియం, కాల్షియం, కొంచెం ఫాస్ఫరస్ కలిసిన సరుకు. 1969లో ఫ్లోరిడాలో లారీ హెంచ్ అనే ఆయన చేసిన గాజిది. ఇసుక సరుకు తక్కువ కాబట్టి ఒంట్లో తడికి మెల్లగా కరుగుతుంది. కరిగినచోట ఎముకలో ఉండేలాంటి ఖనిజమే పొర కడుతుంది. ఎముక దాన్ని తనదే అనుకుని పట్టేసుకుంటుంది.

చెర్వుగట్టు జాతరలో పీచు మిఠాయి, పటిక బెల్లం రెండూ తిన్నారుగా? రెండూ చక్కెరే. పీచు మిఠాయిలో చక్కెర అణువులు ఎటు పడితే అటు ఉంటాయి. గాజులోనూ అంతే, అందుకే అది చక్కెర గాజు. నాలుక మీద పెడితే మాయం (సన్నగా ఉండటమూ ఒక కారణమే లెండి). పటిక బెల్లంలో అవే వరుసగా పేర్చుకుని గట్టిపడ్డాయి. చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని జాతరకు పోయేవాళ్లం. మా తమ్ముడు పీచు మిఠాయి కొని గుట్ట ఎక్కకముందే ఖాళీ చేసి నా మొహం చూసేవాడు. నేను పటిక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని బండి నార్కట్‌పల్లి దాటేదాకా చప్పరించేవాణ్ణి. వాడికి పెట్టలేదు.

హెంచ్ గాజును 600 డిగ్రీలు దాటించి కాలిస్తే అందులోనూ పటిక బెల్లంలోలాగా వరుస కట్టిన పలుకులు మొలుస్తాయి. బలం పెరుగుతుంది, ఎందుకంటే పగులు వచ్చినా పలుకు అడ్డుపడి సాగనివ్వదు. కానీ కరగడం తగ్గుతుంది, ఎముక ఖనిజం పొర కట్టడం ఆలస్యమవుతుంది. ఆగిపోదు, ఆలస్యమవుతుంది అంతే. 1982లో జపాన్‌లోని క్యోటోలో కొకుబో బృందం కావాలనే పలుకులు మొలిపించి, వెన్నుపూసకు పనికొచ్చేంత గట్టి రకం తయారుచేసింది. ఎంత గట్టి కావాలో, ఎంత కరగాలో చూసుకుని కాల్చడమే ఇందులో పనితనం.

గట్టిదనం ఒక్కటే గొప్ప అనుకోకండి. మన మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకను చిక్కబరుస్తాయి, కానీ పెళుసు చేస్తాయి. వంగిన నడుములు మీరూ చూశారు.

అణువులు వరుస ఎలా కడతాయో ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు. వానలు పడ్డాక ఒక పీచు మిఠాయి తెచ్చి, సగం తినకుండా ఆపుకుని (కష్టమే) పళ్లెంలో మూత లేకుండా పెట్టండి. మర్నాడు ఎంత కుంగిందో, వేలికి పలుకులు తగులుతున్నాయో చూసి నాకు రాయండి. ఆ పళ్లేన్ని నీళ్లు పోసిన తాంబాళంలో పెట్టండి, లేకపోతే చీమలే మీకంటే ముందు చూస్తాయి.

మీ తాత