అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, నిజమనిపించవు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బత్తాయిలు కొంటున్నాను. అమ్మే ఆమె "ఎన్ని కిలోలమ్మా" అని అడిగింది, నా నోరు "రెండు" అంది, నా చెయ్యి సంచీ చాపింది, డబ్బులు కూడా సరిగ్గానే లెక్కపెట్టి ఇచ్చాను. కానీ ఇవన్నీ చేస్తున్నది నేను కాదనిపించింది. ఆటోలు, మనుషులు, ఎండ అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, నాకూ వాటికీ మధ్య ఎవరో పల్చటి అద్దం దించినట్టుంది. ఇంటికొచ్చి చేతులు చూసుకుంటూ కూర్చున్నాను, ఇవి నావేనా అని. నావేనని తెలుసు. తెలిసి కూడా అలా అనిపించకపోవడమే నన్ను భయపెట్టింది.

అమ్మతో చెబితే "గాలి సోకిందేమో బిడ్డా, తాయెత్తు కట్టిద్దాం" అంది. ఆమెను తప్పు పట్టలేను, ఎందుకంటే ఈ అనుభవానికి మన వాడుకలో సరైన మాటే లేదు. "ఏదో లెక్కయితుంది", "మబ్బు మబ్బుగా ఉంది" అంటాం, అంతకు మించి రాదు. డాక్టరు దగ్గర నేనూ అదే చేశాను. ఎలా చెప్పాలో తెలియక "తల తిరుగుతుంది సార్" అన్నాను, ఆయన తల తిరగడానికి గోళీలు రాశారు. రెండు నెలలు అలా పోయాయి. తర్వాత ఇంకో డాక్టరమ్మ నా గొంతు బొంగురుపోవడం, చర్మం పొడిబారడం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం చూసి థైరాయిడ్ పరీక్ష రాసింది. అందులో చూసే టీఎస్‌హెచ్ అనే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే పెరుగుతుంది. సాధారణంగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. నాది 60 దాటింది.

అందుకే ముందుగా ఒక మాట. మీకో మీ ఇంట్లో వాళ్లకో ఇలా ఉంటే "తల తిరుగుతుంది" అనకండి. "చుట్టూ ఉన్నవి నిజం కానట్టు అనిపిస్తోంది, నన్ను నేనే బయట నిలబడి చూస్తున్నట్టుంది, కానీ అలా లేదని నాకు తెలుసు" అని పూర్తిగా చెప్పండి. ఆ చివరి ముక్క చాలా ముఖ్యం.

వైద్యంలో దీనికి రెండు పేర్లున్నాయి. లోకం నిజం కానట్టు అనిపిస్తే డీరియలైజేషన్, తన ఒళ్లూ మనసూ తనవి కానట్టు అనిపిస్తే డీపర్సనలైజేషన్. రెండూ తరచుగా కలిసే వస్తాయి. రెండో మాటను 1898లోనే లుడోవిక్ దుగా అనే ఫ్రెంచి ఆయన వాడారు, అంటే ఇదేమీ సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిన జబ్బు కాదు. నిద్రలేనప్పుడు, ప్రమాదం తృటిలో తప్పినప్పుడు కాసేపు ఇలా అనిపించడం చాలామందికి జరుగుతుంది. విడవకుండా పట్టి పీడించే స్థాయిలో వందలో ఒకరిద్దరికి ఉంటుంది. దీనికీ మతి చలించడానికీ తేడా ఎక్కడంటే, మతి చలించినవాళ్లకు తాము చూసేది నిజమేననిపిస్తుంది. ఇందులో ఉన్నవాళ్లకు ఏదో తేడాగా ఉందని ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. "నాకు పిచ్చి పడుతోందా" అని రాత్రంతా భయపడ్డ నాకు ఆ డాక్టరమ్మ ఈ ఒక్క సంగతి చెప్పింది, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఎందుకు ఇలా అవుతుంది? మనిషిని చూసినప్పుడు మెదడు రెండు పనులు చేస్తుంది. ఎవరో గుర్తుపడుతుంది, దాంతోపాటు "నా మనిషి" అన్న భావాన్ని కూడా అందిస్తుంది. ఈ రెండోది ఆగిపోతే మొహం తెలుస్తుంది, ఆత్మీయత తెలియదు. భయం ఎక్కువైనప్పుడు మెదడు ముందుభాగం భావాల కేంద్రాలను అతిగా అణిచేస్తుందనీ, ఆ అణచివేతే ఈ మొద్దుబారడమనీ 1998లో సియెరా, బెరియోస్ అనే ఇద్దరు మనోవైద్యులు ప్రతిపాదించారు. దీనికి ఊపిరి తోడవుతుంది. భయంలో గబగబా పీలుస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, లోకం ఇంకా దూరం జరుగుతుంది, దాన్ని చూసి భయం ఇంకా పెరుగుతుంది.

థైరాయిడ్ ఈ చక్రంలోకి రెండు వైపుల నుంచీ దూరుతుంది. హార్మోన్ ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, ఊరికే టెన్షన్. తక్కువైతే అలసట, మతిమరుపు, దిగులు, ఆలోచన బురదలో నడుస్తున్నట్టు ఉండటం. థైరాయిడ్ ఇచ్చే టీ4 హార్మోన్‌ను మెదడు తానే టీ3 అనే చురుకైన రూపంలోకి మార్చుకుని వాడుకుంటుంది, కాబట్టి సరఫరా పడిపోతే దాని పని మందగిస్తుంది. ఇక్కడో సంగతి. మా జిల్లాలో ఏ జబ్బొచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం, ఫ్లోరైడ్ మర్రిగూడ వైపు మనుషుల ఎముకలను ఏం చేసిందో చూసినవాళ్లం కదా. కానీ అయోడిన్ ఉప్పు తినే చోట థైరాయిడ్ మందగించడానికి ప్రధాన కారణం హషిమోటో జబ్బు. ఒంట్లో రక్షణ వ్యవస్థే గ్రంథి మీద తిరగబడుతుంది. 1912లో జపాన్ వైద్యుడు హకరు హషిమోటో దీన్ని వర్ణించారు, ఆయన పేరే మిగిలింది. ఆడవాళ్లలో ఎక్కువ.

ఇక అడ్రినల్ గ్రంథులు, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునేవి. వీటి సంగతి నాకు మా పెద్దనాయన ద్వారా తెలిసింది. దేవరకొండ దగ్గర పల్లెలో వ్యవసాయం. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఒకాయన ఇచ్చిన గోళీలు ఏళ్ల తరబడి మింగాడు, మొహం గుండ్రంగా ఉబ్బింది, "ఆరోగ్యం బాగయింది" అని అందరం సంబరపడ్డాం. అవి స్టెరాయిడ్లు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో అడ్రినల్ తన సొంత స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తయారీని ఆపేస్తుంది. ఒకసారి ఆయన ఉన్నట్టుండి మానేశాడు. నాలుగైదు రోజులకు లేచి నిలబడితే కళ్లు చీకట్లు, వాంతులు, "ఇది మన ఇల్లేనా, కలా" అని అడుగుతున్నాడు. ఎండాకాలం కదా, వడదెబ్బ అనుకున్నాం. కార్టిసాల్ లేకపోతే బీపీ పడిపోతుంది, చక్కెర పడిపోతుంది, మెదడుకు అందాల్సింది అందదు, ఇంక లోకం నిజంగా ఎలా అనిపిస్తుంది?

అడ్రినల్ గ్రంథే పాడైపోయే జబ్బును 1855లో థామస్ అడిసన్ వివరించారు. మన దేశంలో దానికి టీబీ ఇప్పటికీ ఒక ముఖ్య కారణం. అందులో ఒళ్లు నల్లబడుతుంది, చేలల్లో పనిచేసేవాళ్లు ఎండకే అనుకుంటారు. అరచేతి గీతలు, చిగుళ్లు, పెదవి లోపలి భాగం చూడాలి. అక్కడికి ఎండ రాదు. ఉప్పు తినాలని విపరీతంగా అనిపించడం మరో గుర్తు. అనుమానముంటే పొద్దున 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష చేస్తారు, ఎందుకంటే అది పొద్దున ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గుతుంది. అడ్రినల్, థైరాయిడ్ రెండూ దెబ్బతిన్నవాళ్లకు ముందు కార్టిసాల్ సరిచేసి తర్వాతే థైరాయిడ్ మందు మొదలుపెట్టాలి, తలకిందులైతే ప్రాణం మీదికి వస్తుంది.

"అడ్రినల్ ఫెటీగ్" (అడ్రినల్ అలసట) అని పేరుపెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే పొడులూ గోళీలూ దయచేసి కొనకండి. అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని హార్మోన్ వైద్యులు చెబుతున్నారు. అమెరికాలో ఈ రకం 12 మందులను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. పన్నెండింటిలోనూ టీ3 హార్మోన్ దొరికింది, చాలావాటిలో స్టెరాయిడ్ హార్మోన్లు కూడా.

చికిత్స మొదలయ్యాక ఎవరూ ముందే చెప్పని కష్టం ఒకటుంది. థైరాక్సిన్ (థైరాయిడ్ గోళీలో ఉండే టీ4) రక్తంలో నిలకడకు రావడానికే వారాలు పడుతుంది, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మళ్లీ టీఎస్‌హెచ్ చూడరు. రిపోర్టు బాగున్నా ఆ అద్దం మాత్రం వెంటనే తొలగదు. హార్మోన్ సర్దుకున్నా భయపడటం అలవాటైన మెదడు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. నాకు రిపోర్టు సరిగ్గా వచ్చిన తర్వాత ఇంకో మూడు నెలలు పట్టింది, "అంటే ఇది వేరే ఏదో పెద్ద జబ్బే" అని ఆ మూడు నెలలూ ఏడ్చాను.

మా నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. స్తంభాల అమరిక, వెలుతురు వచ్చే దారులు కలిసి చేసే పని అది. గోడను గీకితే ఆ నీడ పోదు. నేను చేసిన తప్పు అదే. పొద్దున లేవగానే "పోయిందా, ఇంకా ఉందా" అని వెతుక్కోవడం, అద్దంలో మొహం చూసుకుని పరీక్షించుకోవడం. ఎంత వెతికితే అంత గట్టిపడింది. వెతకడం మానడమే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది, అది చెప్పినంత సులువు కాదు, అందుకే చేతికి ఏదో ఒక పని కావాలి. నేను బత్తాయి తొక్క గిల్లి వాసన చూసేదాన్ని. చల్లటి నీళ్ల చెంబు రెండు చేతులతో పట్టుకునేదాన్ని. బస్టాండులో ఉండగా అలా అనిపిస్తే బస్సుల బోర్డులు పైకి చదివేదాన్ని, నకిరేకల్, మిర్యాలగూడ, దేవరకొండ. ఊపిరి పీల్చిన దానికంటే వదలడం నెమ్మదిగా, పొడుగ్గా. మా ఆయనతో ఒప్పందం ఏంటంటే "వచ్చింది" అని నేనంటే ఆయన "సరే" అని పక్కన కూర్చోవాలి, ప్రశ్నలు వేయకూడదు. కల్లు, గంజాయి వంటివి దీన్ని రేపుతాయి, ముఖ్యంగా గంజాయి. దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు, కానీ ఆలోచనల తీరును సరిదిద్దే మాటల చికిత్స సాయపడుతుంది. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆగకండి, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలి మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

థైరాయిడ్ గోళీ విషయంలో మన ఇళ్లలో తప్పు జరిగేది చాయ్ దగ్గరే. గోళీ నీళ్లతో వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ గోళీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మే నెలలో మా నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది, ఆ వేడికి ఈ మందు బలం తగ్గుతుంది, కిటికీ గట్టు మీద పెట్టకండి.

పెద్దనాయన బతికాడు. ఆస్పత్రిలో హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో కార్టిసాల్) ఇంజక్షన్ ఇచ్చిన కొన్ని గంటలకే "ఇది ఏ ఊరు దవాఖాన" అని సరిగ్గా అడిగాడు. ఇప్పుడు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం గోళీలు వేసుకుంటున్నాడు, జ్వరం వస్తే ఎంత పెంచాలో కూడా ఆయనకు తెలుసు. చొక్కా జేబులో బస్ పాస్ వెనకాల మడిచిన కాగితం ఉంటుంది, మా అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: "నాకు అడ్రినల్ లోపం ఉంది. పడిపోతే వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి." చెమటకు తడిసి చిరిగినప్పుడల్లా కొత్తది రాస్తుంది.